చదువుకున్నవాడు కూడానా?

బస్సు స్టాండు బెంచీమీదనో, రైల్వే ప్లాట్‌ఫారం చివరనో రాత్రుళ్లు పడుకునే ఒక ముసలాయన నోటివెంట హఠాత్తుగా ఒక ఇంగ్లీషు వాక్యం శుద్ధంగా వస్తుంది. లేదా అతని సంచిలో మడతలు నలిగిన డిగ్రీ కాగితం బయటపడుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. మా శ్రీకాకుళం వైపు ఆ ప్రశ్న ఇలా ఉంటుంది: "అంత సదువు సదివినోడు కూడానేటి?" విన్నవాళ్లు అయ్యో అంటారు. అంతవరకూ మొహం తిప్పుకున్నవాడు ఒక టీ ఇప్పిస్తాడు. ప్రశ్న మంచి మనసులోంచే పుట్టింది, సందేహం లేదు. అయినా ఆ ప్రశ్నను కాస్సేపు నిలబెట్టి పరీక్షించవలసిన అవసరం ఉంది.

ఎందుకంటే, అదే ప్లాట్‌ఫారం మీద అతనికి నాలుగు గజాల దూరంలో ఇంకొకడు పడుకుని ఉంటాడు. ముప్ఫై ఏళ్లు బస్తాలు మోసినవాడు, ఇప్పుడు మొయ్యలేనివాడు. "బస్తాలు మోసినవాడు కూడానా?" అని అతన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. అతను అక్కడ ఉండటం మనకు సహజంగా కనిపిస్తుంది. అంటే మన ఆశ్చర్యం వెనక ఒక చట్టం ఉన్నదన్నమాట. చదువూ కష్టమూ ఉన్నవాడికి నీడ దొరుకుతుంది. నీడ దొరకలేదంటే ఆ రెంటిలో ఏదో ఒకటి లోపించి ఉండాలి. ఈ ముసలాయన ఆ చట్టానికి మినహాయింపు. అందుకే జాలి. మినహాయింపు మీద జాలిపడే కొద్దీ చట్టం మరింత గట్టిపడుతుంది. పక్కన పడుకున్నవాడి మీద శిక్ష మరోసారి ఖాయమవుతుంది.

ఇంతవరకూ మన సమాజం ఈ ప్రశ్నకు రెండే రెండు సమాధానాలు తయారుచేసి ఉంచింది. ఒకటి తలరాత. రెండోది గుణం: తాగి ఉంటాడు, జూదమాడి ఉంటాడు, ఎవరి మాటా విని ఉండడు. ఇవి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. మొదటిది, ఎవరూ చెయ్యలేదంటుంది. రెండోది, వాడే చేసుకున్నాడంటుంది. కాని రెండూ చేసే పని ఒక్కటే. రెంటిలోనూ 'మనం' అనే మాట లేదు. ఒకే ఇంట్లో తల్లి మొదటిదీ, కొడుకు రెండోదీ చెప్పి, ఇద్దరూ హాయిగా నిద్రపోవటం నేను చూస్తూనే ఉన్నాను.

మన పాత సాహిత్యం ఈ విషయం ఆలోచించలేదనుకోవటం పొరపాటు. హరిశ్చంద్రుణ్ణి రాజ్యంనుంచి కాటిదాకా నడిపించింది. అయితే అక్కడ పతనం ఒక పరీక్ష. పరీక్షకుడున్నాడు, నెగ్గితే రాజ్యం తిరిగివస్తుంది. నిజ జీవితంలో పడ్డవాడికి ఈ సౌకర్యం లేదు. విశ్వామిత్రుడు వచ్చి, ఇదంతా ఉత్తిదేనయ్యా లే, అనడు. నా దృష్టిలో అంతకన్న నిజాయితీగల లెక్క శ్రీనాథుడి పేర మిగిలిన చాటువులో ఉంది. కనకాభిషేకం చేయించుకున్నవాడు, కవిసార్వభౌముడు, చివరి రోజుల్లో బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని వ్యవసాయం చేశాడంటుంది ఆ పద్యం. కృష్ణ పొంగి పంట పట్టుకుపోయింది. మిగిలింది పక్షులు తినిపోయాయి. కట్టవలసిన ఏడువందల టంకాలు మటుకు అలాగే ఉండిపోయాయి. ఆ బాకీకి ఆయన భుజంమీద రాయి ఎక్కించి ఎండలో నిలబెట్టారట. (జూదంలో ఓడి నలుడు అడవుల పాలైన ఘట్టం దాకా శృంగార నైషధం పోదు. ఆ మిగతా కథ కవి స్వయంగా అనుభవించాడేమో.) చాటువు చరిత్ర కాదు, నిజమే. కాని అందులోని లెక్క చూడండి. తలరాత అనలేదు, సోమరితనం అనలేదు. ఏరు వచ్చింది, పిట్టలు వచ్చాయి, గుత్త తగ్గలేదు. మొదటి రెండూ దురదృష్టం. మూడోది దురదృష్టం కాదు. అది ఒకరు రాసిన పద్దు, ఇంకొకరు వసూలు చేసే పద్దు. మనిషిని ఎండలో నిలబెట్టింది ఏరు కాదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ మూడో పద్దు గురించే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు దీన్ని పుస్తకంలో వెతుక్కోవలసిన అవసరం లేదు. బర్మా ఉంది.

కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవులనుంచి మనవాళ్లు స్టీమరెక్కి రంగూను పోయారు. ఓడ రేవులో కూలీలుగా, బియ్యం మిల్లుల్లో, రిక్షాల మీద, పారిశుధ్యం పనుల్లో బతికారు. కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్లు తెలుగు కూలీని 'కోరంగీ' అన్నారు. కాలక్రమాన అదొక తిట్టయింది. 1930 మే నెలలో కూలి పెంచమని రేవు కూలీలు సమ్మె చేస్తే, స్టీవడోరు కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నాయి. రెండు పక్షాల పేదవాళ్లూ ఒకరినొకరు నరుక్కున్నారు. వందమందికి పైగా చచ్చిపోయారు. కంపెనీ వాటాదారు ఒక్కడు కూడా గాయపడ్డట్టు వినం.

ఆ కూలీల పిల్లల్లో కొందరు చదువుకున్నారు. గుమాస్తాలయ్యారు, బడిపంతుళ్లయ్యారు, చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. ఎంత కష్టపడితే కూలీ ఇంట గుమాస్తా పుడతాడో ఇది చదివే ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కర్లేదు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. మార్చికల్లా నగరం పోయింది. నాలుగైదు లక్షలమంది భారతీయులు దారి పట్టారు. ఓడలో చోటు డబ్బున్నవాడిది. మిగిలినవాళ్లు అరకాను కొండలమీదుగా, మణిపురం అడవులమీదుగా నడిచారు. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి కేటాయించారన్న ఆరోపణ అప్పట్లోనే గట్టిగా వచ్చింది. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. ఆ అడవిలో ఎవడు ఎన్నో ఫారం చదివాడని దోమ అడగలేదు. ఓడ టిక్కెట్టు మటుకు అడిగింది.

యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి వెళ్లారు. మళ్లీ కట్టుకున్నారు. అప్పుడు రెండో దెబ్బ వచ్చింది. 1962 మార్చిలో నెవిన్ సైనిక ప్రభుత్వం ఏర్పడింది. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి. 1964 మేలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. పెట్టెలో దాచుకున్నది ఒక్క రాత్రిలో కాగితమయింది. ఒంటిమీది నగలు కూడా రేవులో ఒలిపించుకుని జనం ఓడలెక్కారు.

ఇక్కడ అభ్యుదయవాది పాఠకుడు ఒక ప్రశ్న అడగవచ్చు, అడగాలి కూడా. బర్మాలో భారతీయుడు అమాయకుడా? 1930 దశకం చివరికి దిగువ బర్మా వరి భూముల్లో దాదాపు నాలుగో వంతు చెట్టియార్ల చేతిలోకి వచ్చింది కదా? జాతీయం చెయ్యటం తప్పా? తప్పని నేననను. కాని ఒక్క సంగతి గమనించాలి. చెట్టియారూ కోరంగీ ఒకే పేరుకింద, 'కలా' అనే ఒకే తిట్టుకింద వెళ్లగొట్టబడ్డారు. దిగిన తరువాత మాత్రం ఒకే చోటికి పోలేదు. పెద్ద వడ్డీ వ్యాపారికి కారైక్కుడి వైపు మేడ ఉంది. రెండు తరాలు బియ్యం మిల్లులో బతికినవాడికి ఇక్కడ తాతగారి ఊరి పేరు ఉంది, అంతే. ఊళ్లో వాటా ఎప్పుడో చేతులు మారింది. బర్మీసులో చదివిన చదువు ఇక్కడ చెల్లని నాణెం. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. క్యాంపు అన్న మాట ఊరి పేరుగా స్థిరపడటానికి ఎంతకాలం పడుతుందో ఆలోచిస్తే, తాత్కాలికం అని మనం చెప్పుకునేది ఎంత శాశ్వతమో తెలుస్తుంది.

దురదృష్టం ఇద్దరికీ ఒకటే. పడిపోయిన లోతు వేరు. ఈ తేడాను గుణం వివరించదు, తలరాతా వివరించదు.

ఇక మన కాలానికి, మన జిల్లాకు వద్దాం. ఉద్దానంలో, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, మూత్రపిండాల జబ్బు రెండు దశాబ్దాలకు పైగా మనుషుల్ని తినేస్తున్నది. కారణం ఏమిటో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. కొబ్బరి, జీడి తోటల్లో ఒళ్లు వంచి పనిచేసే నడివయస్సు రైతును అది పట్టుకుంటుంది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, సారికి నాలుగేసి గంటలు, బతికున్నంతకాలం. దగ్గర్లో కేంద్రాలు లేని రోజుల్లో అందుకోసం సుమారు రెండువందల కిలోమీటర్లు విశాఖ పోవలసివచ్చేది. ఒక కుటుంబం ఎలా కరుగుతుందో ఊహించటానికి కవిత్వం అక్కర్లేదు. ముందు పుస్తెలు తాకట్టు. తరువాత చెట్ల మీది కాపు ముందుగానే అమ్మకం. తరువాత తోట. బి.ఎస్సీ. చదివే కొడుకు చదువు మాని తండ్రిని బస్సెక్కించి దించే పనిలో కుదురుకుంటాడు. చివరికి ఇంటి స్థలం మీద కాగితం రాస్తారు. ఈలోగా 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి చెట్లను పడగొట్టింది. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్లు. వడ్డీ ఆరేడేళ్లు ఆగుతుందా? ఏరు వచ్చింది, పిట్టలు వచ్చాయి, గుత్త తగ్గలేదు.

ఇదే ఉద్దానంలో ఇంకొక సాక్ష్యం కూడా ఉంది. 2019లో డయాలసిస్ రోగికి నెలకు పదివేల రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ పరిశోధనా ఆసుపత్రి, ఊళ్లకు మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. ఇవి చాలతాయా చాలవా అన్నది వేరే తగవు. ఆలస్యానికి ఎన్ని ప్రాణాలు పోయాయన్నది ఇంకా పెద్ద తగవు. నేను చెప్పేది ఇంతే: జబ్బు మారలేదు, రోగి గుణం మారలేదు, తలరాత రాసే దేవుడూ మారినట్టు లేదు. మూడో పద్దు కొంచెం మారింది. అంతమేరకు పాతాళం కొంచెం పైకి వచ్చింది. నిర్ణయం తీసుకుంటే మారేదాన్ని తలరాత అనటానికి వీల్లేదు.

కాళీపట్నం రామారావుగారిది మా పొరుగు ఊరు మురపాక. ఆయన 'యజ్ఞం' 1964లో వచ్చింది. బర్మానుంచి చివరి ఓడలు వస్తున్న సంవత్సరమే కావటం యాదృచ్ఛికం. ఆ కథలో అప్పల్రాముడి కుటుంబం కష్టపడనిది కాదు. అప్పు దొంగలెక్క కాదు. తీర్పు చెప్పే శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కూడా కాడు; ధర్మం తప్పని పెద్దమనిషే. అందరూ ధర్మంగానే ఉన్న సభలో చివరికి ఒక పసివాడి శవం మిగులుతుంది. ఆ కథ మీద మన విమర్శకులు ఆరు దశాబ్దాలుగా తగువులాడుతున్నారు. ఆ ముగింపు సహజమా, అతిశయమా అని. నాకు ముగింపుకన్న అంతకు ముందరి పేజీలు భయంకరంగా తోస్తాయి. ఒక్క దుర్మార్గుడి అవసరం లేకుండానే ఒక కుటుంబం మునిగిపోవచ్చునని అవి చూపిస్తాయి. విలన్ దొరకనిచోట మనం తలరాతను పిలుస్తాం. కథకుడు పిలవలేదు.

ఇప్పుడు చదువుకున్నవాడి సంగతికి వస్తాను. చదువు అతనికి ఏ రక్షణా ఇవ్వదా? ఇస్తుంది. కాని చదువు ఇచ్చే రక్షణ అనుకునేదాంట్లో ఎక్కువ భాగం చదువుది కాదు, ఉద్యోగం తరహాది. ఒకే డిగ్రీ, ఒకే బి.ఎడ్. ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకడు ప్రభుత్వ పాఠశాలలో పర్మినెంటు ఉపాధ్యాయుడు. రెండోవాడు ప్రైవేటు బడిలో. ఇద్దరూ ఒకే పాఠం చెబుతారు. రెండోవాడు బహుశా రెండు పీరియడ్లు ఎక్కువే చెబుతాడు. ఇద్దరి భార్యలకూ ఒకే జబ్బు వచ్చింది. మొదటివాడికి సెలవుంది, వైద్య ఖర్చు తిరిగివచ్చే దారి ఉంది, అతనే పోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం ఉంది. రెండోవాడికి, రాని రోజుకు జీతం లేదు. పదిరోజులు రాకపోతే ఉద్యోగమూ లేదు. అయిదేళ్ల తరువాత ఒకడు అప్పు తీర్చుకుంటూ సొంత ఇంట్లో ఉంటాడు. రెండోవాడు ఎక్కడ ఉంటాడో చెప్పలేం. వీళ్లిద్దరిలో ఎవడు ఎక్కువ కష్టపడ్డాడని లెక్కలు తీయటం ఎంత హాస్యాస్పదం! (2004 సెప్టెంబరు తరువాత చేరినవాళ్లకు పాత పింఛను పోయింది గనక, ఆ మొదటివాడి కింద నేల కూడా కొంత కరిగిందనే చెప్పాలి. అతను ఆ సంగతి ఇంకా పూర్తిగా నమ్మటం లేదు.)

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఈ తేడా పగటి వెలుగులో కనిపించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు పంతుళ్లు జీతం లేక కూరగాయలు, పళ్లు అమ్మారు, ఉపాధి హామీ పనికి గునపం పట్టారు. ఆ పని తక్కువది కాదు. ఆ పని చేసే తల్లిదండ్రులే వాళ్లను చదివించారు. కాని బడి మూసినవారం నుంచే అద్దె మూయబడలేదు. కూలీలను, వలసవారిని ఒక నెల అద్దె అడగవద్దని ఆ మార్చి 29న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఒక నెల! బడులు ఏడాది పైగా సరిగా తెరవలేదు. తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రెండువేల రూపాయలు, పాతిక కేజీల బియ్యం ప్రకటించింది 2021 ఏప్రిల్లో, అంటే ఏడాది గడిచాక. బియ్యం వచ్చింది, మంచిదే. దాన్ని వండుకునే గది కథ ఎవరూ రాయలేదు.

మా ఎచ్చెర్ల చదువుల ఊరు. 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఆ తరువాత ట్రిపుల్ ఐటీ, చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు. జాతీయ రహదారి పక్కన నిలబడితే పొద్దున్న పూట సంచులు వేసుకున్న పిల్లలే పిల్లలు. వీళ్లలో చాలామంది ఇళ్లల్లో ఇల్లు తాకట్టు పెట్టి చదివిస్తున్నారు. అంటే చదువు ఇంటిని కాపాడుతుందన్న నమ్మకంతో, చదువుకోసం ఇంటినే పణంగా పెడుతున్నారు. తరగతిలో వాళ్ల మొహాలు చూసి హరిశ్చంద్రుడి పాఠం చెబుతున్నప్పుడు, రాజ్యం తిరిగి వచ్చే ఘట్టం నేను కొంచెం తొందరగా దాటేస్తుంటాను.

చదువుకున్నవాడికి పేదవాడికి లేని ఒక అదనపు ప్రమాదం కూడా ఉంది. దాని పేరు మర్యాద. ఇల్లు లేకపోవటం రోడ్డుమీద మొదలవదు. సొంత ఇంటినుంచి అద్దె ఇంటికి, అక్కడినుంచి చిన్న గదికి, తరువాత బావమరిది ఇంటి వెనక వసారాలోకి, తరువాత ఏ గుడి మండపానికో. ఒక్కొక్క మెట్టుకీ నడుమ నెలలు, సంవత్సరాలు ఉంటాయి. చెయ్యి చాచటానికి సమయం ఉన్నది అప్పుడే. కూలీవాడు మొదటి మెట్టు దగ్గరే పొరుగింటికి పోయి శేరు బియ్యం బదులు అడుగుతాడు. పంతులు అడగలేడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికి హాజరవుతాడు, వందా రెండువందలూ చదివిస్తాడు, వచ్చి పస్తుంటాడు. చివరికి తెలిసినవాళ్ల కళ్లబడకుండా ఉండటానికి తెలియని పట్టణానికి పోతాడు. ఎవరు ఆదుకోగలరో వాళ్లకే దూరంగా పోతాడన్నమాట. పొరుగువాళ్లు "పాపం, చెప్పలేదయ్యా" అంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. చెప్పగలిగే అవకాశాన్ని అతనికి మిగల్చని విలువ ఏదో, అది అందరిదీ.

ఇక తాగుడు సంగతి. దీన్ని తప్పించుకుపోవటం నాకిష్టం లేదు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లలో తాగేవాళ్లు ఉన్నారు. ఇల్లు ఉన్నవాళ్లలో? జిల్లా కేంద్రంలో ఏ క్లబ్బుకైనా సాయంత్రం పోయి చూడవచ్చు. అక్కడ తాగేవాడికి రాత్రి కారులో ఇల్లు చేర్చేవాళ్లుంటారు. ఒకే దోషానికి ఒకడికి తలనొప్పి, ఒకడికి వీధి శిక్ష అయినప్పుడు, శిక్షకు కారణం దోషమని చెప్పటం న్యాయశాస్త్రం కాదు. జార్జి ఆర్వెల్ పెద్ద బడిలో చదివినవాడు; 1922 నుంచి 1927 దాకా మన బర్మాలోనే పోలీసు అధికారి. తరువాత ఇంగ్లండులో దేశదిమ్మరుల మధ్య తిరిగి 1933లో ఒక పుస్తకం రాశాడు. దిమ్మరి ఎందుకు ఊరూరా తిరుగుతాడు? తిరుగుబోతు స్వభావం అన్నారు పెద్దమనుషులు. ఆర్వెల్ చెప్పిన కారణం చాలా చిన్నది: సర్కారు సత్రంలో వరసగా రెండు రాత్రులు ఉండనివ్వరు. అంచేత రెండో రోజు నడవాలి. నియమం పుట్టించిన నడకను స్వభావం అన్నారు!

ఇంతదాకా చదివిన మిత్రులు, ఇదంతా పెట్టుబడిదారీ నీతిమీద విమర్శే కదా, మనకు తెలిసిందే కదా అనవచ్చు. నాకు అసలు పేచీ ఇక్కడే ఉంది. మనం, శ్రమను గౌరవించేవాళ్లం, ఈ విషయంలో నిర్దోషులమా? పనిచెయ్యనివాడికి తిండి లేదన్న సూత్రం బైబిల్లో సెయింటు పాల్ మాట. 1918 సోవియట్ రాజ్యాంగం దాన్ని తనదిగా చేసుకుంది. అక్కడ అది కూర్చుని తినే ప్రభువులమీద ఎత్తిన కత్తి, సంతోషమే. కాని కత్తి ఎటు తిప్పితే అటు తెగుతుంది. చెయ్యి విరిగినవాడు, మతి చెదిరినవాడు, అరవై దాటిన బస్తాల కూలీ, పని ఇచ్చేవాడు లేని పట్టభద్రుడు: వీళ్లు ఆ వాక్యం కింద ఎటు నిలబడాలి? మార్క్స్, ఎంగెల్స్ 1848 ప్రణాళికలో అట్టడుగున కుళ్లిపోయిన జనం గురించి వాడిన మాటలు ఏమంత దయగలవి కావు. వాళ్లు ఒక రాజకీయ ప్రమాదాన్ని గుర్తించి రాశారు. మనలో కొందరు దాన్ని నైతిక తీర్పుగా తీసుకున్నారు. శ్రామికుణ్ణి కీర్తిస్తూ మనం రాసిన గేయాల్లో కండలు తిరిగిన చెయ్యి ఉంది. వణికే చెయ్యికి చోటు తక్కువ. వణికే చేతుల కథ చెప్పిన చాసో వంటివాళ్లు ఉన్నారు. 'ఎంపు'లో బిచ్చగాళ్లే మనుషులు, వాళ్లకూ పెళ్లి సంబంధాలు, లాభనష్టాల బేరీజూ ఉన్నాయి. కాని వాళ్లు కొద్దిమంది.

శ్రమే విలువకు మూలం అన్నది అర్థశాస్త్రం. శ్రమ చేసినవాడికే విలువ అన్నది వేరే మాట. మొదటిదాన్నుంచి రెండోది రాదు. ఈ రెంటినీ కలిపేసినప్పుడే "చదువుకున్నవాడు కూడానా, కష్టపడేవాడు కూడానా" అన్న ఆశ్చర్యం మన నోటివెంట కూడా వస్తుంది. నిలవనీడ బహుమతి అయితే, అర్హులకు అందనప్పుడు మాత్రమే అన్యాయం జరిగినట్టు. అది బహుమతి కాదనుకుంటే, అన్యాయం ఎవరిని చూసినా ఒకటే. సంచిలో కాగితం వెతకవలసిన పని లేదు.

సుప్రీంకోర్టు కూడా ఈ చిక్కులోనే నడిచింది. 1985లో బొంబాయి పేవుమెంటు వాసుల కేసు, ఓల్గా టెల్లిస్ కేసు అంటారు, అందులో జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందన్నది. గొప్ప మాట. అయితే వాళ్లు అక్కడ ఉన్నది పని దగ్గరుంటుందని గనక, వెళ్లగొడితే పని పోతుంది గనక, అన్నది వాదం. నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చునని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ తరువాత చమేలీ సింగ్ కేసులో నీడ అనేదే జీవించే హక్కులో భాగమన్నారు. మాట పనిమీద నుంచి మనిషిమీదికి జరిగింది. ఆచరణ ఇంకా పనిదగ్గరే, కాదు, చిరునామా దగ్గరే ఉంది. ఇంటి పథకం ఏదైనా ముందు అడిగేది రేషను కార్డు. రేషను కార్డుకు కావలసింది చిరునామా. ఇల్లు కావాలంటే ఇల్లుండాలి.

మా మండలంలోనే తీరాన డి. మత్స్యలేశం ఉంది. ఇక్కడ జెట్టీ లేక, వేట సాగక, మగవాళ్లు గుజరాతు వీరావలు పోయి పడవలెక్కుతారు. 2018 నవంబరులో మన రెండు జిల్లాల జాలరులు ఇరవైమంది పాకిస్తాను నీళ్లలోకి పోయి పట్టుబడి, పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. వాళ్లను గురించి ఎవరూ "జాలరులు కూడానా?" అనలేదు. సముద్రంమీద బతికేవాడికి అలాంటివి మామూలేనన్నట్టు, పత్రికలు చదివి మడిచి పెట్టాం. ఆ పద్నాలుగు నెలలు ఆ ఇళ్లల్లో అప్పు ఎవరు పెట్టారు, ఏ వడ్డీకి పెట్టారు అన్నది, మన చదువుకున్నవాడి పతనానికి సంబంధం లేని ప్రశ్న అని నేననుకోను. అదే పద్దు.

2011 జనగణనలో దేశం మొత్తంమీద ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 73 వేలమంది అని తేలింది. ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో, ప్లాట్‌ఫారాల మీద, వంతెనల కింద, గుడి మెట్లమీద, సిమెంటు గొట్టాల్లో లెక్కపెట్టారు. బావమరిది వసారాలో ఉన్నవాడు ఆ లెక్కలోకి రాడు; అతను ఇంట్లోనే ఉన్నట్టు. 2021లో జరగవలసిన లెక్క జరగలేదు. ఇప్పుడు 2027 అంటున్నారు. లెక్క రాసేవాళ్లలో ఎక్కువమంది ఎప్పటిలాగే మన ఉపాధ్యాయులే అవుతారు. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని శ్రీకాకుళం రోడ్డు స్టేషను ప్లాట్‌ఫారం చివరికి పోయే మాస్టారు, నిద్రపోయేవాణ్ణి తట్టి లేపి పేరు, వయసు, చదువు అడుగుతాడు. ప్రశ్నల జాబితాలో చదువుకొక గడి ఉంటుంది. అప్పు ఎవరికి, అద్దె ఎంత, జబ్బు ఎవరికి వచ్చింది అనే గడులు ఉండవు. మన సంఘంలో ఉపాధ్యాయులున్నారు. లెక్కకు వెళ్లేటప్పుడు వేరే ఒక నోటుపుస్తకం జేబులో పెట్టుకుని వెళ్లటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాను. నాలుగు గజాల దూరంలో పడుకున్న బస్తాల కూలీని కూడా అవే ప్రశ్నలు, అదే వరసలో అడగాలి.